"పాత ఇంపోర్టెడ్ రివాల్వర్" అని అడ్వాన్స్ అడుగుతున్నారా? బెంగళూరులో నాకు జరిగింది చదివాక డబ్బు తీయండి

బెంగళూరులోనో చెన్నైలోనో లైసెన్స్ చేతికొచ్చి, ఇక ఏ హ్యాండ్‌గన్ కొనాలా అని చూస్తున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. "ఒరిజినల్ ఇంపోర్టెడ్ సార్, ఇలాంటి పీస్ మళ్లీ దొరకదు" అనే మాట నమ్మి అడ్వాన్స్ కట్టకండి. నా డబ్బు ఇప్పటికీ ఇరుక్కునే ఉంది. డబ్బుతో పాటు లైసెన్స్ కూడా ఇరుక్కుంది. ఆ రెండోదే ఎక్కువ టెన్షన్ పెడుతోంది.

మాది హిందూపురం. చాలా ఏళ్లుగా ఇక్కడ అవెన్యూ రోడ్డు దగ్గర వెండి హోల్‌సేల్ వ్యాపారం. సరుకు పట్టుకుని పొద్దుపోయాక తిరగాల్సిన పని కాబట్టి లైసెన్స్‌కి అప్లై చేశాను. నగరంలో అది ఇచ్చేది పోలీస్ కమిషనర్ ఆఫీసు. స్టేషన్ ఎంక్వయిరీ, సేఫ్టీ ట్రైనింగ్ పూర్తయ్యాక యుఐఎన్ (లైసెన్స్‌దారుకి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు) నంబర్‌తో లైసెన్స్ వచ్చింది. అంతవరకూ ఎవరి మీదా నాకు ఫిర్యాదు లేదు.

ఏం కావాలో నాకు ముందే స్పష్టంగా తెలుసు. రోజూ నడుముకి పెట్టుకుని తిరగడానికి వీలుండాలి, నెలకోసారైనా రేంజ్‌కి వెళ్లి కాల్చుకోవడానికీ అదే పనికిరావాలి. ఈ రెండూ ఒక్క తుపాకీలో కుదరడం కష్టం. నడుముకి తేలికైనది హాయి. కానీ తేలికైనది కాల్చేటప్పుడు చేతిని గట్టిగా తంతుంది. పొట్టి బ్యారెల్ చొక్కా కింద కనిపించదు. కానీ ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం తగ్గేకొద్దీ గురిలో చిన్న తేడా కూడా టార్గెట్ మీద పెద్దదవుతుంది. అందుకే నా మనసు మూడంగుళాల బ్యారెల్ ఉన్న రివాల్వర్ మీద ఉంది.

పిస్టల్ ఇష్టపడేవాళ్లని నేను కాదనను. పిస్టల్ బల్లపరుపుగా ఉంటుంది, తూటాలు నింపే గుండ్రని సిలిండర్ ఉబ్బు ఉండదు, నడుముకి అతుక్కున్నట్టు కూర్చుంటుంది. కానీ చిన్న .32 (గొట్టం లోపలి కొలత, అంగుళాల్లో) పిస్టళ్లలో స్ప్రింగ్ గట్టిగా ఉంటుంది, పైన కదిలే భాగం, అంటే స్లైడ్, వెనక్కి లాగడానికి వేళ్లలో బలం కావాలి. నా కుడి బొటనవేలికి పాత దెబ్బ ఉంది, ఆ పని నాకు నమ్మకంగా కుదరదు. పైగా రివాల్వర్‌లో ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ లాగితే తర్వాతది వస్తుంది. పిస్టల్‌లో అయితే ఆ పేలని తూటాని చేత్తో బయటికి తీయాలి. రాత్రిపూట, భయంలో, ఒంటి చేత్తో అది ఎంతమందికి అవుతుంది? నా వరకు రివాల్వరే. చేతులు బాగున్నవాళ్లు, ప్రాక్టీస్ ఉన్నవాళ్లు పిస్టల్ తీసుకోవచ్చు.

మన దేశంలో ఎంచుకోవడానికి ఉన్నవే తక్కువ. 9 ఎం.ఎం. ప్రొహిబిటెడ్ బోర్ (నిషేధించిన కొలత), మామూలు పౌరుడికి రాదు. ఆత్మరక్షణకి ఎక్కువమంది కొనేది .32. కొత్తవాటిలో కాన్పూర్‌లో తయారయ్యే .32 రివాల్వర్లు ఉన్నాయి. 2014లో వచ్చిన నిర్భీక్ టైటానియం అలాయ్‌తో సుమారు 500 గ్రాములే ఉంటుంది. 2023లో వచ్చిన ప్రబల్ సుమారు 700 గ్రాములు, బ్యారెల్ 76 మిల్లీమీటర్లు, సిలిండర్ పక్కకి తెరుచుకుంటుంది. అంతకు ముందువి నడిమికి విరిచి తెరిచేవి. పిస్టల్ కావాలంటే అశని ఉంది. నాకు కావాల్సిన లెక్కకి ప్రబల్ సరిగ్గా సరిపోతుంది, దాన్నే అడిగాను.

డీలర్ మాత్రం దాని ఊసే ఎత్తనివ్వలేదు. "ఇండియన్ సరుకు ట్రిగ్గర్ బరువు సార్, మీలాంటివాళ్లు పట్టుకునేది కాదు" అంటూ లోపల్నుంచి గుడ్డలో చుట్టిన రివాల్వర్ తెచ్చాడు. ఇంగ్లండ్‌లో తయారైన పాత .32. 1980ల మధ్య నుంచి పేరున్న షూటర్లకు తప్ప మిగతా పౌరులకు విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు బంద్. అందుకే అంతకుముందు వచ్చినవే చేతులు మారుతూ, ఏటికేడు రేటు పెరుగుతూ ఉంటాయి. కొత్త దానికంటే ఈ పాతదానికి ఎన్నో రెట్లు చెప్పాడు. పట్టుకుంటే చేతిలో బాగా కూర్చుంది, అది నిజం. సిలిండర్ ఖాళీగా ఉందని ఇద్దరం చూశాక ట్రిగ్గర్ లాగబోతే ఆపేశాడు: "ఖాళీగా లాగొద్దు సార్, పిన్ విరుగుతుంది." హ్యామర్ (వెనక నుంచి పిన్‌తో తూటాని కొట్టే భాగం) కూడా ఎత్తనివ్వలేదు. అడ్వాన్స్ కడితే "ఫుల్ సర్వీస్ చేయించి" ఇస్తానన్నాడు.

ఇక్కడ ఒక్కమాట. పాత తుపాకీని ఖాళీగా పేల్చొద్దనడం పూర్తిగా అబద్ధం కాదు, కొన్నిటికి మంచిది కాదు. కానీ అందుకే డమ్మీ రౌండ్లు (మందు లేని ఉత్తుత్తి తూటాలు) ఉన్నాయి. అమ్మేవాడి దగ్గర అవి లేవంటే, చూడనివ్వడం ఇష్టం లేదని అర్థం.

అడ్వాన్స్ కట్టేశాను. సర్వీస్ పేరుతో నెలలు గడిచాయి. చివరికి చేతికొచ్చినప్పుడు నల్లగా, నీలంగా కొత్తదానిలా మెరుస్తోంది. బిల్లు రాశారు, నంబర్ లైసెన్స్‌లో ఎక్కింది. రేంజ్‌కి తీసుకెళ్లాను. రెండో తూటాకే పక్క లేన్‌లో ఉన్న కుర్రాడు చెంప తుడుచుకుని తన వేలు నాకు చూపించాడు. దాని మీద బూడిద రంగు సీసం రజను. సిలిండర్‌లోని గది బ్యారెల్‌కి సరిగ్గా ఎదురుగా రాకపోతే తూటా అంచు చెక్కుకుపోయి పక్కకి చిమ్ముతుంది. అది కంటిలో పడి ఉంటే? అక్కడితో కాల్చడం ఆపేశాను.

మా పెదనాన్న కొడుకు ఆర్మీలో ఆర్మరర్‌గా (తుపాకులు బాగుచేసే పని) చేసి రిటైరయ్యాడు. ఆదివారం ఇంటికొచ్చి కిటికీ దగ్గర వెలుతుర్లో దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "ఒరేయ్, దీన్ని బాగా అరగదీసి రంగెక్కించార్రా. ఈ అంకెల అంచులు చూడు" అన్నాడు. చూస్తే నిజమే. ఫ్యాక్టరీలో కొట్టిన అంకెల అంచులు పదునుగా ఉండాలి, ఇవి నున్నగా అరిగిపోయి ఉన్నాయి. ఒక అంకె 3 అనాలో 8 అనాలో భూతద్దంతో చూసినా తేలలేదు. మెరుపు కింద తుప్పు తిన్న సన్నని గుంటలు అలాగే ఉన్నాయి, వాటి మీదే రంగు పడింది. స్క్రూల తలలు నలిగి ఉన్నాయి. తర్వాత హ్యామర్‌ని నెమ్మదిగా, చాలా నెమ్మదిగా ఎత్తి చూపించాడు. హ్యామర్ పూర్తిగా పైకొచ్చి ఆగింది, సిలిండర్ మాత్రం లాక్ పడలేదు, వేలితో తోస్తే ఇంకాస్త తిరిగి అప్పుడు టిక్‌మంది. ఆరు గదుల్లో నాలుగింటికి ఇదే వరస. రేంజ్ నుంచి కాల్చిన ఖోకాలు (ఖాళీ తూటా గుల్లలు) తెచ్చి పెట్టాను, వాటి అడుగున పిన్ గుర్తు నడిమధ్య పడాల్సింది ఓ పక్కకి పడింది.

ఆ డీలర్ ఎందుకు హ్యామర్ ఎత్తనివ్వలేదో అప్పుడు తెలిసింది. ఎత్తి ఉంటే షాపులోనే బయటపడేది.

కాబట్టి మీరు చూసేటప్పుడు ఇవన్నీ డబ్బు ఇవ్వక ముందే చూడండి. ముందుగా తుపాకీ ఖాళీగా ఉందని మీ కళ్లతో, మీ వేలితో నిర్ధారించుకోండి, అమ్మేవాడి మాట మీద కాదు. ఒక్కో గదికీ హ్యామర్ నెమ్మదిగా ఎత్తి, అది చివరికి చేరేలోపే సిలిండర్ లాక్ అవుతోందా చూడండి. డమ్మీ రౌండ్లతో ట్రిగ్గర్ లాగి, అలాగే పట్టుకుని సిలిండర్‌ని కదిపి చూడండి, ఊగకూడదు. బ్యారెల్‌లోకి టార్చ్ వేసి లోపలి గాడులు పదునుగా ఉన్నాయా, గుంటలున్నాయా గమనించండి. పాత తుపాకీకి పాత రంగే అందం. అక్కడక్కడా వెలిసినా పర్లేదు, తళతళలాడుతుంటేనే అనుమానించాలి. "సర్వీస్ చేసి ఇస్తాం" అంటే ఏమేం చేస్తారో కాగితం మీద రాయించుకోండి, పాలిష్ మాత్రం వద్దని రాయించండి.

తూటాల సంగతి కూడా చూసుకోండి. లైసెన్స్‌లో .32 అని ఒక్కటే మాట ఉన్నా, రివాల్వర్ తూటా వేరు, పిస్టల్ తూటా వేరు. రివాల్వర్‌ది పొడవు ఎక్కువ, అడుగున అంచు బయటికి ఉంటుంది. పిస్టల్‌ది పొట్టి. ఒకదానికి ఇంకొకటి వాడకూడదు. మీ ఊళ్లో ఏది ఎప్పుడూ దొరుకుతుందో ముందే కనుక్కోండి. తూటాలు దొరకని తుపాకీతో ప్రాక్టీస్ ఉండదు, ప్రాక్టీస్ లేకుండా నడుముకి పెట్టుకుని తిరగడం మీకూ, చుట్టూ ఉన్నవాళ్లకీ ప్రమాదమే.

ఇక లైసెన్స్ ఎలా ఇరుక్కుందంటే, ఫోన్ బాగోలేదని షాపులో తిప్పి ఇచ్చినట్టు తుపాకీని ఇవ్వలేం. నంబర్ రికార్డులో ఎక్కాక దాన్ని తీయించాలన్నా, అమ్మాలన్నా మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఒక లైసెన్స్‌దారుకి నేరుగా అమ్మాలన్నా కనీసం 45 రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేట్‌కో దగ్గర్లోని స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలియజేయాలని ఆయుధాల చట్టం చెబుతోంది. 2019 సవరణ తర్వాత మామూలుగా ఒక మనిషికి రెండు తుపాకులే పరిమితి. పనికిరాని ఈ ఇనుము ఆ రెండులో ఒకటిగా కూర్చుంది.

అంతకంటే భయపెట్టేది నంబర్ విషయం. నంబర్ చెరిపేసిన, మార్చిన తుపాకీ ఎవరి దగ్గర ఉంటే, ఆ పని వాళ్లే చేశారని చట్టంలోని 8వ సెక్షన్ ముందుగా భావిస్తుంది. కాదని నిరూపించుకోవాల్సింది మనమే. అంటే వాడి పాలిష్‌వాడు అరగదీసిన అంకెకి జవాబు నేను చెప్పుకోవాలి! అందుకే ఆ సోమవారమే లైసెన్సింగ్ సెక్షన్‌లో లెటర్ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాను. డీలర్ మొదట చూపించిన రోజు నేను ఫోన్‌లో తీసిన ఫోటోలో నంబర్ స్పష్టంగా ఉంది. ఆ ఒక్క ఫోటో ఇప్పుడు నాకు పెద్ద అండ. మీరూ తీసుకోండి. అడ్వాన్స్ రోజునే బ్యారెల్ మీదా, ఫ్రేమ్ మీదా, సిలిండర్ మీదా ఉన్న ప్రతి గుర్తుకీ దగ్గరగా ఫోటో తీయండి. తీయనివ్వకపోతే లేచి వచ్చేయండి.

డీలర్ దగ్గరికి వెళ్తే "పాత సామాను సార్, అమ్మాక మాకు సంబంధం లేదు" అన్నాడు. బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో "ఉన్నది ఉన్నట్టు అమ్మకం" అని ముద్ర ఉంది. అడ్వాన్స్ రసీదు మీద ఆ ముద్ర లేదు, ఫైనల్ బిల్లు మీదే వచ్చింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాను. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే చోటే వేయొచ్చు, రెండేళ్లలోపు వేయాలి. రసీదు, బిల్లు, ఫోటోలు, ఖోకాలు, మా అన్న రాసిచ్చిన కాగితం అన్నీ జత చేశాను.

చెన్నైలో ఉన్నవాళ్లకి ఒక మాట. ఆ ఉప్పుగాలికి పాత బ్లూయింగ్ (నల్లనీలం పూత) తుపాకులు ఇంకా త్వరగా తుప్పు పడతాయి. తోలు హోల్‌స్టర్‌లోనే బీరువాలో పెట్టేయకండి, తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది. బయటికి తీసుకెళ్లేటప్పుడు మాత్రం హోల్‌స్టర్‌లోనే, పైకి కనిపించకుండా పూర్తిగా కప్పి ఉండాలి. 2016 ఆయుధాల రూల్స్‌లో అది స్పష్టంగా ఉంది. అలాగే ఫోన్‌లో "లైసెన్స్ లేకపోయినా ఇప్పిస్తాం" అని మెసేజ్‌లు పెట్టేవాళ్లకి జవాబే ఇవ్వొద్దు, అది నేరుగా జైలు దారి.

బెంగళూరులో సెకండ్ హ్యాండ్ రివాల్వర్ చూడబోతూ పక్కన తెలిసిన మనిషి లేక ఇబ్బంది పడేవాళ్లుంటే అడగండి. ఆదివారాలు మా అన్న ఖాళీగానే ఉంటాడు, డమ్మీ రౌండ్లూ భూతద్దమూ తీసుకుని షాపుకి తోడు వస్తానన్నాడు.