రంగు బాగానే పడుతుంది, కడగడమే తంటా

కాండిడా అనే ఫంగస్ కట్టే పొరను (బయోఫిల్మ్) చూడటానికి, చిన్న గుంటలున్న (వెల్స్) ప్లాస్టిక్ ప్లేట్‌లో దాన్ని పెంచి, రంగు వేసి, ఎంత అంటిందో కొలిచే క్రిస్టల్ వయొలెట్ ప్లేట్ పద్ధతి తేలిక అంటారు. తేలికే. బ్యాక్టీరియాకు వేసే గ్రామ్ స్టెయిన్ కోసం ఆ రంగు ల్యాబ్‌లో ఎప్పుడూ ఉంటుంది, ఒకే ప్లేట్‌లో బోలెడు ఐసొలేట్లు (నమూనాల నుంచి వేరుచేసి పెంచిన ఫంగస్‌లు) పెట్టొచ్చు. పీజీ థీసిస్ మొదలుపెట్టిన కొత్తలో దీన్ని జూనియర్ల దగ్గర తెగ పొగిడాను. ఇప్పుడు కడగడం అనే మాట వింటేనే ఒళ్లు మండుతుంది.

సెంట్రల్ లైన్ (రోగి పెద్ద సిరలో పెట్టే గొట్టం) కొన నుంచి వచ్చిన, ఆల్బికాన్స్ అనే కాండిడా జాతి ఐసొలేట్ ఒకటి ఉండేది. 48 గంటలకు వెల్ అడుగున తెల్లటి పొర మామూలు కంటికే కనిపించింది. పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో కడిగి, ఆరబెట్టి, రంగు వేశాం. మిగులు రంగు పోవడానికి నీళ్లు పోయగానే పొర అంచు లేచింది. మరోసారి పోస్తే పాల మీద మీగడలా మొత్తం ఊడి వచ్చేసింది. అంటిన రంగును కరిగించడానికి అసిటిక్ ఆసిడ్ పోసి చదివితే రీడింగ్ నెగెటివ్ కంట్రోల్ (ఫంగస్ లేని వెల్) పక్కనే ఉంది. అదే ఐసొలేట్ పక్క వెల్‌లో ఊడలేదు, అక్కడ రీడింగ్ ఆకాశాన్నంటింది. ఈ రెంటికీ సగటు తీసి ఏం రాయాలి? పల్చటి పొర కట్టిన పారాప్సిలోసిస్ అనే మరో జాతి మాత్రం బుద్ధిగా అంటిపెట్టుకుని మంచి మార్కులు కొట్టేసింది. హైఫాలతో (ఫంగస్ దారాలతో) అల్లుకున్న మందపాటి పొర తనను తాను గట్టిగానే పట్టుకుంటుంది, ప్లాస్టిక్‌నే వదిలేస్తుంది. అంటే బాగా పొర కట్టినదే ఫెయిలయ్యే ప్రమాదం ఎక్కువ!

పిపెట్ టిప్‌ను వెల్ గోడకు ఆనించి మెల్లగా పోయడం, పీల్చకుండా ప్లేట్ బోర్లించి టిష్యూ మీద అద్దడం, ముందురోజు వెల్స్‌లో సీరం పోసి ఉంచడం వల్ల కొంత నయమైంది. అంచు వెల్స్ త్వరగా ఆరిపోతాయి కాబట్టి వాటిలో నీళ్లే పోస్తున్నాం.

బతికున్న కణాలు రంగు తేల్చే ఎక్స్‌టీటీ అనే పదార్థం వాడాక ప్రాణం లేచొచ్చింది. రంగు తేలాక కడిగే పనే లేదు, పై ద్రవాన్ని కొత్త ప్లేట్‌లోకి తీసి చదవడమే. పైగా రంగు ఎంతుందో కొలిచే మా ఎలైజా రీడర్‌లో ఉన్నవి 450, 492, 630 నానోమీటర్ల ఫిల్టర్లే. వయొలెట్‌కు 570 నుంచి 595 మధ్య కావాలి కనుక ప్లేట్ పట్టుకుని పక్క డిపార్ట్‌మెంట్‌కు పరుగెత్తేవాళ్లం. ఎక్స్‌టీటీకి 492 సరిపోతుంది.

అలాగని అది అమృతం కాదు. ఖరీదెక్కువ, వెలుతురు తగలకూడదు, దానితో కలిపే మెనాడియోన్‌ను అసిటోన్‌లో విడిగా కరిగించాలి. బతికున్న కణాల పనినే చూపిస్తుంది, కణాల చుట్టూ ఉండే జిగురు (మాట్రిక్స్) ఎంతుందో చెప్పదు. స్ట్రెయిన్‌ను బట్టి ఆ పని వేగం మారుతుంది, కాబట్టి గ్లాబ్రాటా అనే జాతిని ఆల్బికాన్స్‌తో నేరుగా పోల్చలేం.

8 శాతం గ్లూకోజ్ కలిపిన సబూరో బ్రాత్‌ (ఫంగస్‌ను పెంచే ద్రవం)లో పెంచి, సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు వేసి, పొరకు కంటితో చూసి మార్కులేసే ట్యూబ్ పద్ధతీ చేశాం. నేను ప్లస్ టూ అన్న ట్యూబ్‌ను మేడమ్ ప్లస్ వన్ అనేవారు.

మాది బడ్జెట్ తక్కువున్న ఆసుపత్రి ల్యాబ్. పొర కట్టే ఐసొలేట్లను ఏరడానికి ఇప్పటికీ వయొలెటే వాడుతున్నాను, పొర ఊడిన వెల్‌ను మాత్రం నోట్‌బుక్‌లో గుర్తుపెట్టి సగటులో కలపను. బయోఫిల్మ్ మీద మందు పనిచేస్తోందా అని చూడాలంటే ఎక్స్‌టీటీకే డబ్బు అడుగుతాను. సరైన ఫిల్టరూ నిదానమైన చెయ్యీ ఉన్న టెక్నీషియన్ దొరికితే మీకు ఈ తంటా ఇంత ఉండకపోవచ్చు.