మూత్ర వెసికిల్స్ చక్కెరల పరీక్షకు లెక్టిన్ చిప్ కిట్: వాడి చూసిన అనుభవం

మూత్రంలోని సూక్ష్మ వెసికిల్స్ (కణాలు విడుదల చేసే అతి చిన్న పొర సంచులు) పైపొర మీద ఏయే చక్కెరలు ఉన్నాయో తెలుసుకోవడానికి మా ప్రయోగశాలలో కొన్ని నెలలుగా ఒక కిట్ వాడుతున్నాము. వెసికిల్స్‌ను అడుగుకు దించే పాలిమర్ ద్రావణం, 45 లెక్టిన్లను చుక్కలుగా అతికించిన గాజు చిప్ ఇందులో వస్తాయి. చిప్ చాలా మంచిది. ద్రావణాన్ని మాత్రం చక్కెరల పరీక్షకు వాడవద్దని నా గట్టి అభిప్రాయం.

లెక్టిన్లు చక్కెరలను గుర్తుపట్టి పట్టుకునే ప్రోటీన్లు. ఎల్డర్‌బెర్రీ బెరడు నుండి తీసే ఎస్‌ఎన్‌ఏ ఆల్ఫా 2,6 బంధంతో ఉన్న సియాలిక్ ఆమ్లం అనే చక్కెరను పట్టుకుంటే, జాక్ బీన్ గింజల నుండి వచ్చే కాన్‌ఏ మ్యానోజ్ అనే చక్కెరను పట్టుకుంటుంది. వెసికిల్‌ను పగలగొట్టకుండానే దాని పైపొరను చదవగలగడం ఈ పద్ధతికి పెద్ద బలం. పైగా ఈ చిప్‌ను చదివే యంత్రం గాజును ఆనుకుని ఉన్న పలుచని పొరలో మాత్రమే కాంతిని ప్రసరింపజేస్తుంది కనుక కడగవలసిన పని లేదు, బలహీనంగా అంటుకున్నవి జారిపోవు. గ్లైకాన్ (ప్రోటీన్‌కు అతికి ఉండే చక్కెరల గొలుసు) పూర్తి నిర్మాణం కావాలంటే మాత్రం పీఎన్‌జీఏజ్ ఎఫ్ ఎంజైముతో దానిని కోసి మాస్ స్పెక్ట్రోమీటర్‌లో చూడక తప్పదు.

అసలు చిక్కు యూరోమోడ్యులిన్‌తో వస్తుంది. ఆరోగ్యవంతుల మూత్రంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండే ఈ ప్రోటీన్ బరువులో సుమారు 30 శాతం చక్కెరే. ఇది పొడవాటి పోగులుగా అల్లుకుని వెసికిల్స్‌ను తనలో చిక్కించుకుంటుంది. పాలిమర్ ద్రావణం కలిపి తిప్పినప్పుడు గొట్టం అడుగున దిగిన తెల్లటి జిగురు ముద్దను చూడగానే నాకు అనుమానం కలిగింది. అదే నమూనాను పరిమాణాన్ని బట్టి వేరుచేసే కాలమ్ గుండా పంపి చిప్ మీద వేస్తే, మొదటిసారి ప్రకాశవంతంగా వెలిగిన కాన్‌ఏ చుక్క బాగా మందగించింది. యూరోమోడ్యులిన్‌లో మ్యానోజ్ అధికంగా ఉన్న గ్లైకాన్ ఒకటి ఉంటుంది కనుక, తొలి వెలుగులో చాలా భాగం దానిదేనని, వెసికిల్స్‌ది కాదని మేము నిర్ధారణకు వచ్చాము.

యూరోమోడ్యులిన్ పోగులను విడదీయడానికి డీటీటీ అనే రసాయనం కలపమని సూచనల పత్రంలో ఉంది, కానీ చిప్ మీద వేసే ముందు దానిని తీసివేయాలన్న మాట ఎక్కడా లేదు. ఇది చిన్న లోపం కాదు. ఎస్‌ఎన్‌ఏ, డబ్ల్యూజీఏ (గోధుమ మొలక నుండి తీసేది) వంటి లెక్టిన్ల ఆకృతిని నిలబెట్టేవి డైసల్ఫైడ్ బంధాలే, అంటే ప్రోటీన్‌లోని గంధకపు అణువుల మధ్య ముడులే. డీటీటీ తెంచేది కూడా వాటినే. దీనివల్ల మా మొదటి రెండు చిప్‌లు వృథా అయ్యాయి. ఎంతో శ్రద్ధగా సేకరించి మైనస్ 80 డిగ్రీల వద్ద దాచిన రోగుల నమూనాలు అలా పోవడం నన్ను నిజంగా బాధించింది.

ఇప్పుడు మేము ముందుగా డీటీటీతో పోగులను విడదీసి, తరువాత కాలమ్ గుండా పంపుతున్నాము. వెసికిల్స్ ముందు భాగాలలో బయటకు వస్తాయి, విడిపోయిన యూరోమోడ్యులిన్, డీటీటీ రెండూ వెనుకబడతాయి. ఆ ముందు భాగాలలో వెసికిల్స్‌కు గుర్తులైన సీడీ9, సీడీ63 ప్రోటీన్లు ఉన్నాయని చూసుకున్నాకే చిప్ మీద వేస్తాము. మ్యానోజ్‌ను పోలి ఉండి కాన్‌ఏ కోసం దానితో పోటీపడే మిథైల్ మ్యానోసైడ్ కలిపినప్పుడు కాన్‌ఏ చుక్క ఆరిపోతే ఆ వెలుగు చక్కెరదేనని నమ్మవచ్చు, ఆరకపోతే ఆ ఫలితాన్ని పక్కన పెడతాము. చిప్‌ను విడిగా అమ్మితే తప్పకుండా కొంటాను.