చిక్కో కీఫిట్ 30 కార్ సీటు: పాపకు చాలడం లేదని ఎలా తెలుస్తుంది?

న్యూజెర్సీలో పాప పుట్టకముందే కొని, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న రోజు మొదలు దాదాపు ఏడాది పాటు వాడిన సీటు ఇది. పసిపిల్లలను కారు వెనక వైపు చూసేలా కూర్చోబెట్టే, చేత్తో పట్టుకుని మోసుకెళ్ళగలిగే రకం. బిగింపు, గుడ్డ, రంగుల గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు కనుక ఆ సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను. బేస్‌ను, అంటే కారులోనే ఉండిపోయే అడుగు భాగాన్ని, బిగించడం తేలిక. వాలు సరిగ్గా ఉందో లేదో దాని పక్కనున్న నీటి బుడగ చూపిస్తుంది. దాని మీద సీటు సరిగ్గా కూర్చుంటే టక్కుమని శబ్దం వస్తుంది. వీటన్నిటిలో నాకు పూర్తి సంతృప్తి. వివరంగా రాయాలనుకున్నది మాత్రం దీన్ని ఎప్పుడు మార్చాలన్న విషయం. కొత్తగా తల్లిదండ్రులైన స్నేహితులు ఎక్కువగా తికమకపడేది అక్కడే.

ఈ సీటుకు బరువు హద్దు 4 నుంచి 30 పౌండ్లు, పొడవు హద్దు 30 అంగుళాలు. అందరి కళ్ళూ బరువు మీదే ఉంటాయి. 30 పౌండ్లంటే పదమూడున్నర కిలోల పైమాటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టిక చూస్తే, సగటు ఆడపిల్ల ఆ బరువుకు చేరేసరికి మూడో పుట్టినరోజు దగ్గరపడుతుంది. అదే పట్టికలో 30 అంగుళాల పొడవు, అంటే 76 సెంటీమీటర్లు, పద్నాలుగు నెలలకే వచ్చేస్తుంది. ఏ హద్దు ముందు దాటితే అక్కడితో సీటు పని అయిపోయినట్టే. మా పాప కాస్త పొడగరి. అప్పటికి బరువు ఇరవై పౌండ్లే ఉన్నా, మొదటి పుట్టినరోజు లోపే సీటు చాలకుండా పోయింది.

పొడవు కన్నా నిజం చెప్పేది తల. ఇలాంటి సీట్లకు సాధారణంగా చెప్పే నియమం, బిడ్డ తలకు పైన కనీసం ఒక అంగుళం సీటు మిగిలి ఉండాలని. ఒకే పొడవున్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి కాళ్ళు పొడుగు, ఇంకొకరికి నడుము పై భాగం పొడుగు కావచ్చు. రెండో బిడ్డకు సీటు ముందే చాలదు. నేను నెలకోసారి ఇలా చూసేదాన్ని: పాపను వెనక్కి ఆనుకునేలా కూర్చోబెట్టి, బెల్టు బిగించి, సీటు పై అంచు మీద ఒక స్కేలును అడ్డంగా పెట్టడం. గుడ్డ, మెత్త లెక్కలోకి రావు, గట్టి ప్లాస్టిక్ అంచునే చూడాలి. స్కేలుకూ నడినెత్తికీ మధ్య నా బొటనవేలి కణుపు పట్టినంత కాలం నిశ్చింత. పుట్టువెంట్రుకలు ఇంకా తీయించని పిల్లలకు జుట్టు ఒత్తుగా ఉంటుంది కదా, దాన్ని అరచేత్తో అణిచి చూడాలి.

భుజాల విషయంలోనూ చాలామంది పొరబడుతున్నారు. పిల్లలు వెనక్కి తిరిగి కూర్చునే సీట్లలో పట్టీలు భుజాల ఎత్తు నుంచి గానీ, కాస్త కింది నుంచి గానీ రావాలి. కాబట్టి భుజాలు, పట్టీలు దూరే రంధ్రాల్లో అన్నిటికన్నా పైదాన్ని దాటినంత మాత్రాన సీటు చిన్నదైపోయినట్టు కాదు.

ఇక కాళ్ళు. మా అత్తయ్యగారు ఇక్కడికి వచ్చినప్పుడు కారులో పాప పక్కనే కూర్చున్నారు. "పాదాలు కారు సీటు వీపుకు తగులుతున్నాయమ్మా, పిల్ల ముడుచుకుని కూర్చుంది పాపం, ముందుకు తిప్పించరాదూ" అన్నారు. ఆవిడ బాధ నాకు అర్థమైంది. "కాళ్ళకేమీ కాదత్తయ్యా, భయమంతా మెడ గురించే" అని చెప్పాను. పసిపిల్లల ఒంట్లో తల వాటా పెద్దది, మెడ ఎముకలు ఇంకా గట్టిపడవు. కారు ఎదురుగా దేన్నైనా గుద్దుకుంటే, ముందుకు తిరిగి కూర్చున్న బిడ్డ తల ఒక్కసారిగా ముందుకు విసురుకుపోతుంది. వెనక్కి తిరిగి ఉంటే ఆ తాకిడిని వీపు, మెడ, తల అంతటా సీటు కాచుకుంటుంది. మాట్లాడుతుండగానే పాప తన కాలి బొటనవేలు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. ఆవిడ నవ్వి ఊరుకున్నారు.

కాబట్టి సీటు చాలకపోతే వేరే పెద్ద సీటు కొనాలి గానీ, బిడ్డను ముందుకు తిప్పకూడదు. మేము కన్వర్టిబుల్ సీటు (వెనక్కీ ముందుకూ రెండు వైపులా తిప్పి వాడుకోగలిగేది) కొని, అందులోనూ వెనక్కి తిప్పే కూర్చోబెడుతున్నాం. వాటిలో చాలావాటికి ఆ దిశలోనే 40 పౌండ్లు, అంతకు పైనా అనుమతి ఉంటుంది. న్యూజెర్సీ చట్టం రెండేళ్ళ లోపు, 30 పౌండ్ల లోపు పిల్లలను వెనక్కి తిప్పే కూర్చోబెట్టాలంటుంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018లో వయసు లెక్క తీసేసి, సీటు హద్దు అనుమతించినంత కాలం అలాగే ఉంచమని చెప్పింది.

చలికాలంలో ఇంకో మెలిక ఉంది. లావు కోటు మీద బెల్టు పెడితే సీటు ఇరుకైనట్టే కనిపిస్తుంది, నిజానికి బెల్టు ఒంటికి వదులుగా ఉంటుంది. కోటు విప్పి బిగించి, పైన దుప్పటి కప్పాలి. మెడ పక్క ఎముక దగ్గర పట్టీని వేళ్ళతో గిల్లితే మడత చేతికి రాకూడదు.

మోయడం కష్టమైందని మార్చేవాళ్ళూ ఉన్నారు. అందులో తప్పేమీ లేదు. ఇలా చేత్తో మోసే ఏ సీటైనా బిడ్డతో కలిపితే చెయ్యి లాగేస్తుంది. ఆ బరువు సీటు చాలడం లేదనడానికి గుర్తు మాత్రం కాదు.

హైదరాబాదులో మా చెల్లెలి సీటు మీద 13 కిలోల హద్దు రాసి ఉంది. యూరప్ పద్ధతిలో తయారైనవాటికి లెక్కలు వేరుగా ఉంటాయి కనుక దాని పుస్తకంలో ఉన్నదే పాటించమన్నాను. 2019 సవరణ తర్వాత మన దేశంలోనూ పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు బెల్టు గానీ, పిల్లల సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది.

పాత సీటును ఎవరికైనా ఇచ్చే ముందు దాని మీద అచ్చువేసిన గడువు తేదీ చూడండి. ప్రమాదానికి గురైన సీటును ఎవరికీ ఇవ్వకండి. గడువు దాటినవాటిని అమెరికాలో టార్గెట్ దుకాణాలు అప్పుడప్పుడు తీసుకుని, కొత్త సీటు మీద తగ్గింపు ఇస్తుంటాయి. మా సీటుకు ఇంకా గడువు ఉంది, దెబ్బ తగలలేదు కనుక రెండో బిడ్డ కోసం దాచాం.