స్లాబు మీద ట్యాంకు, పై అంతస్తులో ఫ్రంట్ లోడ్ మెషిన్: ఏళ్లపాటు వాడాక నా అభిప్రాయం

హన్మకొండలో మేం ఉండేది మొదటి అంతస్తులో. మా పైన స్లాబు, స్లాబు మీద వెయ్యి లీటర్ల ట్యాంకు. ఏడు కిలోల ఫ్రంట్ లోడ్ మెషిన్ కొని చాలా ఏళ్లయింది. ఉతకడంలో దానికి వంక పెట్టలేను. దుప్పట్లు, జీన్స్, పిల్లల యూనిఫాం కాలర్లు అన్నీ శుభ్రంగా వస్తాయి, చప్పుడు కూడా తక్కువే. ఏడిపించింది ఒక్కటే, నీళ్లు సరిగా నిండకపోవడం. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే బాధ మా వీధిలో వేరే కంపెనీల మెషిన్లు ఉన్న ఇళ్లలోనూ చూశాను. మెషిన్‌ను అనుమానించే ముందు ఇంటి నీళ్లను చూసుకోవాలని ఏ షాపులోనూ చెప్పరు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా దగ్గర జరిగేది ఇదీ. స్టార్ట్ నొక్కగానే డోర్ లాక్ టక్కుమంటుంది, సబ్బు డ్రాయర్‌లో సన్నగా నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తుంది, కాసేపటికి బీప్ బీప్‌మని ఆగిపోతుంది. తెర మీద కోడ్ వస్తుంది. ఎల్‌జీ మెషిన్లలో అది ఐఈ, సామ్‌సంగ్‌లో మోడల్‌ను బట్టి 4ఈ లేదా 4సీ. అర్థం ఒకటే: ఇచ్చిన టైములో కావలసినన్ని నీళ్లు లోపలికి రాలేదు. పొద్దున మోటరు వేసి ట్యాంకు నింపాక వేస్తే చక్కగా ఉతికేది, సాయంత్రం వేస్తే మొండికేసేది. సర్వీస్ నుంచి వచ్చినతను మెషిన్ వెనక వైపు కూడా చూడకుండానే నీళ్లు లోపలికి వదిలే వాల్వు పోయిందని, మెషిన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు మీద కూడా అనుమానం ఉందని పెద్ద లెక్కే చెప్పాడు. బోర్డు పోయిన మెషిన్ పొద్దున పూట ఎట్లా పనిచేస్తుంది? అందుకే ఏదీ మార్పించకుండా పంపించేశాను.

అసలు సంగతి ప్రెషర్. ట్యాంకులో నీటి మట్టం నల్లా కంటే పది మీటర్లు ఎత్తులో ఉంటే సుమారు 1 బార్ ప్రెషర్ వస్తుంది. మా ట్యాంకు అడుగుకూ మెషిన్ నల్లాకూ మధ్య రెండున్నర మీటర్లకు మించి లేదు. అంటే ట్యాంకు ఖాళీ అవుతున్నప్పుడు పావు బార్, నిండుగా ఉంటే ఇంకో మీటరు కలిసి 0.35 బార్ దాకా. ఫ్రంట్ లోడ్ మాన్యువళ్లు తీసి చూడండి, కనీస ప్రెషర్ కొన్నిట్లో 0.3, కొన్నిట్లో 0.5, కొన్నిట్లో ఏకంగా 1 బార్ అని ఉంటుంది. మా ఇంట్లో పొద్దున పాసై సాయంత్రం ఫెయిలవడానికి కారణం ఆ ఒక్క మీటరు నీళ్లే. ఇదే మెషిన్ కింద ఓనర్ వాళ్ల పోర్షన్‌లో పెడితే ఇంకో మూడు మీటర్ల ఎత్తు కలిసొస్తుంది కాబట్టి అక్కడ ఏ గొడవా ఉండదు.

తక్కువ ప్రెషర్‌కు మెషిన్ ఎందుకు ఇంత ఇబ్బంది పడుతుందో తెలియాలంటే ఇన్‌లెట్ వాల్వు సంగతి తెలియాలి. కరెంటు అందగానే అందులోని కాయిల్ చిన్న ఇనుప పుల్లను పైకి లాగుతుంది. దానివల్ల తెరుచుకునేది సూది బెజ్జమంత దారి మాత్రమే. ఆ బెజ్జంలోంచి రబ్బరు పొర మీద ఉన్న నీళ్లు బయటికి పోతే, కింది నుంచి వచ్చే నీళ్లే ఆ పొరను ఎత్తి అసలు దారి తెరుస్తాయి. అంటే వాల్వు సగం పని కరెంటుది, సగం పని నీళ్లది. ప్రెషర్ చాలకపోతే పొర పూర్తిగా లేవదు, నీళ్లు సన్నగానే పడతాయి. ఆ పొరలోని సన్న రంధ్రంలో ఇసుక రేణువు ఇరుక్కుంటే ఉల్టా జరుగుతుంది. వాల్వు మూసుకోదు, స్విచ్ ఆపేసినా డ్రమ్ములోకి నీళ్లు కారుతూనే ఉంటాయి.

కాబట్టి మెకానిక్‌కు ఫోన్ చేసే ముందు బకెట్ పరీక్ష చేయండి. నల్లా కట్టేసి, ప్లగ్ తీసేసి, మెషిన్ వైపు పైపు విప్పి బకెట్‌లో పెట్టి నల్లా పూర్తిగా తిప్పండి. ఒక్క నిమిషంలో ఎన్ని లీటర్లు పడ్డాయో చూడండి. కొన్ని కంపెనీల మాన్యువళ్లలో కనీసం 8 లీటర్లు అని ఉంటుంది. మా ఇంట్లో సాయంత్రం పూట అందులో సగం కూడా పడేది కాదు. బకెట్ బాగానే నిండుతూ మెషిన్ మాత్రం నిండకపోతే, అప్పుడు జాలీనో వాల్వునో అనుమానించాలి.

జాలీ అంటే పైపు బిగించే మూతి లోపల ఉండే వేలి గోరంత ప్లాస్టిక్ వడపోత. చాలామందికి అది ఉందనే తెలియదు. మధ్యలో చిన్న కొన ఉంటుంది, దాన్ని ప్లయర్‌తో మెల్లగా పట్టి లాగితే వస్తుంది. మాది మొదటిసారి తీసినప్పుడు పచ్చటి పాచి, ఇసుక, పైపు కోసినప్పటి తెల్ల పీవీసీ రజను, ఒక టెఫ్లాన్ టేపు ముక్క కనిపించాయి. మాకు కార్పొరేషన్ నల్లా వస్తుంది, ఎండాకాలం చాలనప్పుడు అదే ట్యాంకులోకి బోరు నీళ్లు కూడా ఎక్కిస్తాం. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, జాలీ అంచుల్లో సున్నంలా గట్టిగా పేరుకుంటుంది. పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఇసుక, పాచి పోతాయి. సున్నం మాత్రం నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానితేనే వదులుతుంది. తిరిగి బిగించేటప్పుడు వాషర్ సరిగా కూర్చుందో లేదో చూసి చేత్తోనే బిగించండి, స్పానర్ వేస్తే ప్లాస్టిక్ మర పగులుతుంది. ట్యాంకు కడిగించిన ప్రతిసారీ, వానాకాలం నల్లా నీళ్లు ఎర్రగా వచ్చిన ప్రతిసారీ జాలీ ఒకసారి తీసి చూడటం మా ఇంట్లో ఇప్పుడు అలవాటు.

మా ప్లంబర్ మాత్రం "జాలీ తీసి పడేయండన్నా, నీళ్లు మంచిగ వస్తయి" అన్నాడు. దయచేసి ఆ పని చేయకండి. నీళ్లు మంచిగానే వస్తాయి, వాటితో పాటు ఇసుక వాల్వులోకి పోతుంది. చేతితో కడుక్కునే జాలీని కాదని వాల్వునే మార్చుకోవాల్సి వస్తుంది.

ఇంకొక ఫిర్యాదు కూడా తరచుగా వింటాను: నీళ్లు వస్తూనే ఉంటాయి, డ్రమ్ములో నిలవవు. అది చాలాసార్లు డ్రెయిన్ పైపు వల్లే. కొన నేల మీద పడి ఉంటే నీళ్లు వచ్చినవి వచ్చినట్టే జారిపోతాయి. మాన్యువళ్లలో సాధారణంగా నేల నుంచి 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తున కట్టమని ఉంటుంది, కొక్కెం కూడా వాళ్లే ఇస్తారు. మా అమ్మ అయితే మొదట్లో అద్దంలోంచి చూసి నీళ్లే లేవని కంగారుపడేది. ఫ్రంట్ లోడ్‌లో బట్టలు మునగవు, తడిసి కింద కాస్త నీళ్లు కనిపిస్తే చాలు. అది లోపం కాదు.

మాకు శాశ్వతంగా పనికొచ్చింది రెండు పనులు. ట్యాంకును స్టాండ్ మీదికి ఎత్తిద్దామంటే ఓనర్ ఒప్పుకోలేదు. అందుకని ముందు ట్యాంకు నుంచి మెషిన్‌కు విడిగా లైను దింపించాం, నల్లా దాకా ఇంచు పైపే. అంతకుముందు బాత్‌రూం, వంటిల్లు అన్నీ ఒకే అరంగుళం పైపు మీద ఉండేవి, ఎవరైనా స్నానానికి వెళ్తే మెషిన్ ఎర్రర్ చూపించేది. దానితో కొంత మెరుగైంది కానీ ట్యాంకు సగం ఉన్నప్పుడు గొడవ తప్పలేదు. తర్వాత ఆ లైనుకు చిన్న బూస్టర్ పంపు పెట్టించాం. నీళ్లు కదలగానే దానంతటదే ఆన్ అవుతుంది, ఆగితే ఆఫ్ అవుతుంది. అప్పటి నుంచి ఆ కోడ్ మళ్లీ కనిపించలేదు. మెషిన్‌లో ఉన్నది ఇప్పటికీ కొన్నప్పటి వాల్వే. పంపు కొంచెం గుయ్‌మంటుంది, ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు తిరిగితే పాడవుతుంది కాబట్టి ఉతికే ముందు ట్యాంకు చూసుకోవాలి.

ఉతుకుడుకు ఈ మెషిన్‌కు ఐదులో నాలుగున్నర ఇస్తాను. కానీ మాలాగే ట్యాంకుకు సరిగ్గా కిందనున్న పై అంతస్తులో, పంపు పెట్టించే వీలు లేని అద్దె ఇంట్లో ఉంటే మాత్రం దీన్ని కొనమని చెప్పను. జీరో ప్రెషర్ అని రాసి ఉన్న టాప్ లోడ్ చూడండి, వాటి వాల్వు తక్కువ ప్రెషర్‌కే తెరుచుకునేలా చేస్తారు. ఫ్రంట్ లోడే కావాలనుకుంటే షాపుకు వెళ్లే ముందు సాయంత్రం పూట, ట్యాంకు సగం ఖాళీ అయ్యాక, మెషిన్ పెట్టబోయే చోటి నల్లా కింద బకెట్ పెట్టి చూసుకోండి. షాపులో మాన్యువల్ అడిగి కనీస ప్రెషర్ ఎంతో చదివాకే డబ్బు కట్టండి.