గణిత లైబ్రరీలో ఏ ఫంక్షన్లు ఉన్నాయో తేల్చే ఆటోకాన్ఫ్: ఒక సమీక్ష

ఘనమూలం చెప్పే సీబీఆర్‌టీ, 2 ఆధారంగా లాగరిథమ్ ఇచ్చే లాగ్2, గామా విలువ కట్టే టీగామా వంటి సీ ఫంక్షన్లు 1999 ప్రమాణంతోనే వచ్చినా, మైక్రోసాఫ్ట్ వారి విజువల్ స్టూడియో కంపైలర్‌లో వాటిలో చాలావరకు 2013 వెర్షన్‌కు గాని చేరలేదు. అందువల్ల బిల్డ్‌కు, అంటే సోర్స్ కోడ్ నుంచి ప్రోగ్రామును తయారుచేయడానికి, ముందే అవి ఉన్నాయో లేవో తేల్చుకోవడానికి నేను ఆటోకాన్ఫ్‌ను వాడుతున్నాను.

1991లో మొదలైన ఈ సాధనం సిస్టమ్ పేరు చూసి ఊహించదు. ఫంక్షన్‌ను పిలిచే చిన్న ప్రోగ్రామును తానే రాసి, అది లింక్ అయితేనే, అంటే లైబ్రరీతో కలిసి పూర్తి ప్రోగ్రాముగా తయారైతేనే, ఆ ఫంక్షన్ ఉందని చెబుతుంది. ఆ ప్రోగ్రామును నడపనక్కర లేదు కనుక, వేరే ప్రాసెసర్ కోసం బిల్డ్ చేసేటప్పుడు కూడా జవాబు దొరుకుతుంది. నాకు అన్నిటికంటే నచ్చిన గుణం ఇదే.

అయితే పరీక్షల వరుస తప్పితే ఫలితం తలకిందులవుతుంది. లినక్స్‌లో సాధారణంగా ఉండే సీ లైబ్రరీ గ్లిబ్‌సీలో గణిత లైబ్రరీ విడిగా ఉంటుంది కాబట్టి, ముందుగా లైబ్రరీని వెతికే ఏసీ_సెర్చ్_లిబ్స్ అనే ఆటోకాన్ఫ్ ఆదేశంతో, గణిత లైబ్రరీని కలపమనే మైనస్ ఎల్‌ఎమ్‌ను చేర్పించాలి. ఒకసారి నేను ఫంక్షన్లను వెతికే ఏసీ_చెక్_ఫంక్స్‌ను దానికంటే పైన రాశాను. లినక్స్‌లో సీబీఆర్‌టీ లేదని తేలి, మేము రాసుకున్న ప్రత్యామ్నాయ ఫంక్షనే చడీచప్పుడు లేకుండా బిల్డ్‌లోకి చేరింది. ఫలితాల్లో చివరి అంకెలు ఎందుకు మారుతున్నాయో, పరీక్షల వివరాలు నమోదయ్యే కాన్ఫిగ్.లాగ్ ఫైలు తెరిచి అందులో "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అన్న వరుస చూసేదాకా అర్థం కాలేదు. మజిల్ అనే మరో సీ లైబ్రరీలో గణిత ఫంక్షన్లన్నీ ప్రధాన లైబ్రరీలోనే ఉండటం వల్ల అక్కడ ఈ పొరపాటు బయటపడనే పడదు.

అసలు లోపం మరొకటి ఉంది. ఏసీ_చెక్_ఫంక్స్ పరీక్ష హెడర్‌ను (ఫంక్షన్ల ప్రకటనలుండే ఫైలును) చూడదు, డిక్లరేషన్‌ను, అంటే ఆ ప్రకటనను, తానే కల్పించుకుంటుంది. గ్లిబ్‌సీలో సైన్, కొసైన్ రెండూ ఒకేసారి ఇచ్చే సిన్‌కాస్ ఉందని సరిగ్గానే చెబుతుంది గాని, _గ్నూ_సోర్స్ అనే మాక్రోను నిర్వచించనిదే హెడర్ దాన్ని బయటపెట్టదు. జీసీసీ కంపైలర్ 14వ వెర్షన్ నుంచి డిక్లరేషన్ లేని పిలుపు నేరుగా ఎర్రర్ అవుతుంది. ఇజ్‌నాన్, సైన్‌బిట్ ప్రమాణం ప్రకారం మాక్రోలు (కంపైల్‌కు ముందే కోడ్‌గా విస్తరించే పేర్లు) కనుక వాటిని ఫంక్షన్లుగా వెతకడమే సరికాదు. ఇటువంటి చోట్ల హెడర్‌లో డిక్లరేషన్ ఉందో లేదో చూసే ఏసీ_చెక్_డిక్ల్స్‌ను కూడా జోడించాలి. సీమేక్ అనే మరో బిల్డ్ సాధనంలోని చెక్_ఫంక్షన్_ఎగ్జిస్ట్స్‌కూ ఇదే బలహీనత ఉంది. దాని బదులు చెక్_సింబల్_ఎగ్జిస్ట్స్ వాడమని ఆ డాక్యుమెంటేషనే సూచిస్తుంది.

పరీక్షను సొంతంగా రాసుకునేవారు ఒక విషయం గమనించాలి: హెడర్‌ను చేర్చి 2.0 వర్గమూలం అడిగితే, కంపైలర్ ఆ విలువను తానే లెక్కగట్టి పిలుపును తీసేయగలదు. అప్పుడు లైబ్రరీ లేకుండానే లింక్ అయిపోతుంది. అందుకే ఆ ఆర్గ్యుమెంట్‌ను వొలటైల్ చరరాశి (కంపైలర్ విలువను ముందే ఊహించలేని చరరాశి) నుంచి అందించాలి.