ఫైనాన్స్ ఇంటర్న్‌షిప్ గ్యారెంటీ కోర్సులకు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

హైదరాబాద్ అమీర్‌పేటలోని ఒక శిక్షణ సంస్థ డిగ్రీ మొదటి, రెండో సంవత్సరాల విద్యార్థులకు ‘ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ ఇంటర్న్‌షిప్ గ్యారెంటీ’ అంటూ 85,000 రూపాయల కోర్సు అమ్ముతోంది. బీకాం చదువుతున్న మా తమ్ముడు అందులో చేరాడు. ఫిర్యాదు నడుస్తున్నందున సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటి కోర్సులు నగరంలో మరికొన్ని ఉన్నాయి కనుక, పేరు కన్నా వీరు అనుసరించే పద్ధతి తెలియడమే మీకు ఎక్కువ ఉపయోగం.

మొదట డబ్బు సంగతి. డెమో క్లాసు ముగియగానే, సీట్లు అయిపోతున్నాయని తొందరపెట్టి, ‘వడ్డీ లేని వాయిదాలు’ అంటూ ఒక ఫారం నింపించారు. ఫీజు వాయిదాలుగా వారు చెప్పినది నిజానికి మా నాన్నగారి పేరు మీద ఒక ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) మంజూరు చేసిన అప్పు. ఆధార్ ఓటీపీ చెప్పించుకోవడంతో ఆ తంతు పూర్తయింది. అప్పు మొత్తం ఒకేసారి శిక్షణ సంస్థకు చేరిపోతుంది కాబట్టి, పిల్లవాడు మధ్యలో మానేసినా ఈఎంఐ ఆగదు, ఆపితే దెబ్బ తినేది అప్పులు సరిగా తీరుస్తున్నారో లేదో చూపే తండ్రి సిబిల్ స్కోరు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం డిజిటల్ రుణం ఇచ్చేవారు అసలు, వడ్డీ, ఇతర ఖర్చులన్నీ చూపే ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ ముందే ఇవ్వాలి. జరిమానా లేకుండా అప్పు నుంచి బయటపడేందుకు కొంత ‘కూలింగ్ ఆఫ్’ గడువు కూడా ఉంటుంది. అయితే ఆ గడువు చాలా చిన్నది, క్లాసులు మొదలయ్యేలోపే దాటిపోవచ్చు. ఆ పత్రం చేతికి రాకుండా ఓటీపీ చెప్పకండి.

ఇక ఇంటర్న్‌షిప్. అది ఇచ్చిన ‘క్యాపిటల్ అడ్వైజరీ’ కంపెనీ చిరునామా, శిక్షణ సంస్థ చిరునామా ఒక్కటే, అంతస్తుతో సహా. స్టైపెండ్ లేదు, పని చూసే మేనేజరు లేరు, క్లయింటు అసలే లేరు. ‘లైవ్ ప్రాజెక్టు’ పేరిట వాట్సాప్‌లో ఒక ఎక్సెల్ ఫైలు పంపి, కంపెనీ విలువ కట్టమన్నారు. నేను నానక్‌రామ్‌గూడలో ఫండ్ అకౌంటింగ్ పని చేస్తాను కనుక ఆ ఫైలు తెరిచి చూశాను. భవిష్యత్తులో వచ్చే డబ్బును నేటి విలువకు తగ్గించే డిస్కౌంట్ రేటు 10 శాతం, కంపెనీ శాశ్వతంగా పెరుగుతుందనుకునే టెర్మినల్ గ్రోత్ 9 శాతం. ఈ లెక్కలో నగదును ఆ రెండింటి మధ్య తేడాతో భాగిస్తారు, ఆ తేడా ఒక్క శాతమే కావడంతో, చివరి ఏడాది నగదు ప్రవాహానికి 109 రెట్ల విలువ వచ్చి కూర్చుంది. అదే గ్రోత్‌ను 5 శాతానికి దించితే విలువ 21 రెట్లకు పడిపోతుంది. బ్యాలెన్స్ షీటులో రెండు వైపుల మొత్తాలు సరిపోకపోవడంతో, ‘ఇతర ఆస్తులు’ అనే వరుసలో తేడాను చేత్తో టైపు చేసి సరిపెట్టారు. ఈ మోడల్‌ను రెజ్యూమెలో రాసుకుని ఇంటర్వ్యూకు వెళితే, మొదటి ప్రశ్నకే కుర్రవాడు చిక్కుల్లో పడతాడు. పోయిన డబ్బు కన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టినది ఇదే.

బ్రోషర్లోని గోల్డ్‌మన్ శాక్స్, జేపీ మోర్గాన్ లోగోల గురించి అడిగితే, పాత బ్యాచ్ వారెవరో అక్కడ పనిచేస్తున్నారన్నారు. ఏ విభాగంలో, కోర్సు తర్వాత ఎంత కాలానికి అన్నదానికి జవాబు లేదు. హైదరాబాద్‌లో ఆఫీసులున్న ఇలాంటి పెద్ద సంస్థలు తమ కెరీర్స్ పేజీల ద్వారా, కాలేజీ క్యాంపస్‌ల ద్వారా ఇంటర్న్‌లను తీసుకుంటాయి తప్ప అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోవు. మరో మాయ ఏమిటంటే, మొదటి సంవత్సరం పిల్లలకు ‘ఈ ఏడాదే సీఎఫ్ఏ లెవల్ 1’ (పెట్టుబడుల విశ్లేషణ రంగంలోని అంతర్జాతీయ కోర్సు మొదటి పరీక్ష) అని ఆశ చూపడం. డిగ్రీ పూర్తయ్యే నెలకు 23 నెలలు లేదా అంతకన్నా తక్కువ వ్యవధి ఉన్న పరీక్షకే విద్యార్థిని అనుమతిస్తారు, కాబట్టి మూడేళ్ల డిగ్రీలో మొదటి ఏడాదే ఆ పరీక్ష రాయడం కుదరదు.

నిజంగా సిద్ధం కావాలనుకునే వారికి దారి ఇంత ఖరీదైనది కాదు. కంపెనీల వార్షిక నివేదికలు స్టాక్ ఎక్స్ఛేంజీలైన బీఎస్ఈ, ఎన్ఎస్ఈ సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. న్యూయార్క్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ అశ్వత్ దామోదరన్ వాల్యుయేషన్ (కంపెనీ విలువ కట్టడం) పాఠాలు, స్ప్రెడ్‌షీట్లు కూడా ఉచితమే. ఒక్క కంపెనీ మూడేళ్ల లెక్కలు సొంతంగా ఎక్సెల్‌లోకి ఎక్కించి, మోడల్ కట్టినవాడికి మా తమ్ముడి ‘ప్రాజెక్టు’ చేసినవాడికన్నా చెప్పడానికి చాలా ఉంటుంది. ఆబిడ్స్‌లోనో హిమాయత్‌నగర్‌లోనో ఉన్న చిన్న సీఏ ఆఫీసులో రిటర్నుల సీజన్‌లో బ్యాంకు రీకన్సిలియేషన్ (ఖాతా పుస్తకాలను బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిపోల్చడం) చేసి రావడం చూపుకు గొప్పగా ఉండకపోవచ్చు గానీ, అది నిజమైన పని.

ఇప్పటికే కట్టేసినవారు ఊరుకోవలసిన అవసరం లేదు. కోచింగ్ సంస్థలు గ్యారెంటీ పేరుతో తప్పుడు ప్రకటనలు ఇవ్వకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. విజేతల ఫొటోలు వాడుకోవాలంటే వారు ఎంపికైన తర్వాత తీసుకున్న రాతపూర్వక అంగీకారం ఉండాలని కూడా అందులో ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. మీరు శిక్షణ సంస్థకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో దాఖలు రుసుము లేదు. అప్పు ఇచ్చిన సంస్థకు విడిగా రాతపూర్వకంగా తెలియజేయండి, అక్కడ పరిష్కారం కాకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. కోర్సులో చేర్పించిన కౌన్సిలర్ వాట్సాప్ సందేశాలు, బ్రోషర్, చెల్లింపు రసీదులు ఈ రోజే భద్రపరచుకోండి. మేము ఫిర్యాదు చేసిన వెంటనే కోర్సు వాట్సాప్ గ్రూపులోని పాత సందేశాలను అడ్మిన్ తొలగించడం మొదలుపెట్టారు.