జేన్ అలెగ్జాండర్ కోసం చూడాల్సిన సీరియల్ 'టెల్ మీ యూ లవ్ మీ'

హాల్లో అందరి మధ్యా పెట్టుకుని చూసే సీరియల్ కాదిది. తిరుపతిలో ఏ ఇంట్లో చూసినా దర్శనానికొచ్చిన చుట్టాలు హాల్లోనే పడుకునుంటారు కాబట్టి ఈ మాట ముందే చెప్పడం మంచిది. పడగ్గది సన్నివేశాల్లో ఒంటి మీద బట్టలుండవు, కెమెరా మొహం తిప్పుకోదు. 2007లో అమెరికా టీవీ చానెల్ హెచ్‌బీఓలో వచ్చినప్పుడు నటులు నిజంగానే చేశారా అని పెద్ద రచ్చ అయింది. అదంతా నటనే.

మొత్తం 10 ఎపిసోడ్లు, ఒక్కోటీ దాదాపు గంట. సృష్టికర్త సింథియా మార్ట్. మూడు జంటలు దాంపత్య సమస్యలు చూసే ఒకే కౌన్సెలర్ దగ్గరికి చేరతాయి. వీటిలో కేటీ, డేవిడ్‌ల కథ ఒక్కటి చాలు ఈ సీరియల్ చూడడానికి. ఇద్దరు పిల్లలు, సొంతిల్లు, ఒకరంటే ఒకరికి ప్రేమ. తాగుడు లేదు, కొట్లాట లేదు, ఇంకో మనిషి లేరు. అయినా ఏడాదిగా కలిసింది లేదు. మన సీరియళ్లలో అయితే ఈపాటికి అత్తో ఆడబిడ్డో కారణమై ఉండేది. మొదటి ఎపిసోడ్‌లోనే, భర్త ఒంటరిగా తనను తాను తృప్తిపరుచుకోవడం కేటీ కంటపడుతుంది. ఆయనకు కోరిక చావలేదు, తన మీదే చచ్చిందా అన్న అనుమానం ఆమె మొహంలో కనిపిస్తుందే గానీ నోటి నుంచి రాదు. కౌన్సెలర్ దగ్గరికి ఆమె ఒక్కతే వెళ్తుంది, ఆయన మొండికేస్తాడు. ఇక్కడా అంతే కదా.

కరోలిన్, పాలెక్‌లది పిల్లలు పుట్టని సమస్య. తేదీ చూసుకుని పడకెక్కడం మొదలయ్యాక ఆయనకు అది డ్యూటీ అయిపోతుంది. దీన్ని బాగా పట్టుకున్నారు. అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు, అంటే సుమారు ఆరు రోజులే గర్భానికి అనువైనవి. అయితే ఆ ఒక్క రాత్రే అని పట్టుబడితే ఒత్తిడికి మగవాడి ఒళ్లు సహకరించదు. ఆ ఆరు రోజుల్లో రోజు మార్చి రోజు కలిస్తే సరిపోతుంది. భార్యకు 35 దాటకపోతే ఏడాది, దాటితే ఆరు నెలలు ప్రయత్నించాక ఇద్దరూ కలిసి పరీక్షలకు వెళ్లాలి. మూడో జంట జేమీ, హ్యూగో. జీవితాంతం ఒక్కరితోనే ఉండగలనా అన్న అతని సందేహం మీద నిశ్చితార్థం చెడిపోతుంది. ఈ కథ కాస్త పలచన.

కౌన్సెలర్ మే ఫాస్టర్‌గా జేన్ అలెగ్జాండర్. 1939లో పుట్టిన మనిషి. 'ది గ్రేట్ వైట్ హోప్' నాటకానికి 1969లో అమెరికా నాటకరంగ పురస్కారం టోనీ, అదే పాత్ర సినిమాలో చేసి ఆస్కార్ నామినేషన్. మొత్తం నాలుగు నామినేషన్లొచ్చాయి గానీ ఆస్కార్ చేతికి రాలేదు. వాటిలో 'ఆల్ ది ప్రెసిడెంట్స్ మెన్' (1976) చూస్తే ఆమె పనితనం తెలుస్తుంది. భయపడుతూ సమాచారమిచ్చే లెక్కల గుమాస్తా, ఉండేది కొద్ది నిమిషాలే. చెప్పాలనీ ఉంది, చెప్పకూడదనీ ఉంది, ఆ రెండూ గొంతులో కొట్టుకుంటుంటాయి. ఈ సీరియల్‌లో దాన్ని తిరగేశారు, వినేది ఆమె. తల ఊపదు, అయ్యో అనదు, ఎదుటివాళ్లు మౌనంగా ఉంటే నింపడానికి ప్రయత్నించదు. కథలో భర్త ఆర్థర్‌తో మే పడగ్గది సన్నివేశాలు ఎందరికో ఇబ్బందిగా ఉండొచ్చు. తల వెంట్రుకలు నెరిసినంత మాత్రాన అన్నీ వదిలేసి తులసిమాల వేసుకోవాలన్న లెక్క ఆ ఇంట్లో లేదు.

లోపాలు కూడా ఉన్నాయి. నేపథ్య సంగీతం లేదు, చేతి కెమెరా ఊగుతుంటుంది, మాటలు గొణుగుడుగా ఉంటాయి, సబ్‌టైటిల్స్ లేకపోతే కష్టం. రెండో సీజన్ ఒప్పుకున్నాక 2008లో ఆపేశారు కాబట్టి ముడులు ముడులుగానే ఉండిపోతాయి. రోజుకో ఎపిసోడ్ కంటే ఎక్కువ చూస్తే తల బరువెక్కుతుంది.

పెద్ద లోపం, చికిత్స అంటే మాట్లాడుకోవడమే అన్నట్టు చూపడం. నిజానికి మొదట ఒంటి పరీక్ష జరగాలి. షుగర్ నరాలనూ రక్తనాళాలనూ దెబ్బతీసి అంగస్తంభన తగ్గిస్తుంది. కొన్ని బీపీ, డిప్రెషన్ మందులు కోరికను తగ్గిస్తాయి, అలాగని సొంతంగా ఆపకూడదు. పాలిచ్చే తల్లికి ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గి యోని పొడిబారి నొప్పి రావచ్చు, నీటి ఆధారిత జెల్ వాడాలి. కండోమ్‌తో కొబ్బరినూనె వాడితే రబ్బరు బలహీనపడి చిరగొచ్చు.

ఆ తర్వాత స్పర్శ సాధన. మొదటి దశలో సంభోగం నిషిద్ధం. వారానికి రెండు మూడుసార్లు, 20 నిమిషాల చొప్పున వంతులవారీగా రొమ్ములు, జననాంగాలు వదిలేసి మిగతా ఒంటిని తాకడం. అది ఇద్దరికీ హాయిగా అనిపించాక ఆ భాగాలు, చివర్లో కలయిక. 'చేయగలనా' అన్న పరీక్ష భయం పోగొట్టడానికే ఈ నిషేధం. మొదటి రాత్రే నిషేధం తెంచేస్తే ఆ భయం తిరిగొచ్చి కూర్చుంటుంది. పిల్లలు మధ్యలో పడుకునే ఇళ్లలో వాళ్లకు వేరే మంచం వేయకుండా ఇదేదీ సాగదు.

బస్టాండు గోడల మీద 'నరాల బలహీనత' పోస్టర్లు చూసి లాడ్జీ గదుల వైద్యానికి పోనక్కర్లేదు. తిరుపతి ప్రభుత్వాసుపత్రి రుయాలో సైకియాట్రీ ఓపీ ఉంది. మొహం చూపించడానికి సిగ్గయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.